ఏకకర్త ఛాంబర్ సంగీత రికార్డు: బార్టోక్ క్వార్టెట్ల నుంచి ఉద్దానం జముకు దాకా

ఛాంబర్ సంగీతం అంటే కొద్దిమంది వాద్యకారులు, ఒక్కో స్వరపంక్తికి ఒక్కరే చొప్పున కూర్చుని, ముందు నిలబడి నడిపించే మనిషి లేకుండా, ఒకరినొకరు వింటూ వాయించే సంగీతం. ఇందులో ఒకే స్వరకర్త రచనలను ఒక సంపుటిగా ముద్రించి ఇస్తే అది ఏకకర్త రికార్డు. హంగేరీకి చెందిన బేలా బార్టోక్ రాసిన ఆరు స్ట్రింగ్ క్వార్టెట్ల సంపుటి ఇరవయ్యో శతాబ్దంలో దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ. తెలుగువారిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ సొంత కృతుల సంపుటాలు ఇదే కోవలోకి వస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, ఉద్దానం తీరాల పల్లెల్లో జముకు అనే తీగవాద్యం తోడుగా ముగ్గురు మనుషులతో నడిచే జముకుల కథకూ ఈ సంగీతానికీ లోపల చుట్టరికం ఉంది. ఈ వ్యాసం మూడింటినీ కలిపి పరిశీలిస్తుంది.

పేరు, స్వరూపం

ఛాంబర్ అంటే గది. ఐరోపాలో రాజుల, జమీందారుల ఇళ్లలోని గదుల్లో, కొద్దిమంది శ్రోతల ముందు వాయించే సంగీతానికి ఈ పేరు వచ్చింది. గుడిలో పాడేదానికీ, నాటకశాలలో వినిపించేదానికీ దీన్ని వేరుచేసి చెప్పడానికి పుట్టిన మాట ఇది. ఇందులో అత్యంత గౌరవం పొందిన రూపం స్ట్రింగ్ క్వార్టెట్. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసిన నలుగురి బృందానికీ, ఆ బృందం కోసం రాసిన రచనకూ ఇదే పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆస్ట్రియా స్వరకర్త జోసెఫ్ హైడన్ (1732–1809) ఈ రూపాన్ని తీర్చిదిద్దాడు. మొజార్ట్, బీథోవెన్ దాన్ని పెంచి పెద్దచేశారు.

మన కచేరీ సంప్రదాయంలో పెరిగిన శ్రోతకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. గాత్రం, వయొలిన్, మృదంగం, తంబురా కలిసిన కచేరీ కూడా పెద్ద సభలకు ఎక్కకముందు ఇళ్లలో, గుళ్లలో, సంస్థానాల కొలువుల్లో నడిచిందే. తేడా ఒకటుంది. స్ట్రింగ్ క్వార్టెట్‌లో ప్రతి స్వరమూ ముందే కాగితం మీద ఉంటుంది, నలుగురి పాలూ సమానం. మన కచేరీలో కృతి స్థిరంగా ఉంటుంది, దాని చుట్టూ రాగమూ స్వరకల్పనా అప్పటికప్పుడు పుడతాయి, పాడేవారి వెంట మిగిలినవారు నడుస్తారు. రెండింటికీ ఉమ్మడి గుణం చెవి. పక్కవాడి ఊపిరి విని తన కమాను కదపగలిగినవాడే ఈ సంగీతంలో నిలుస్తాడు.

పల్లెపాటను వెతుక్కుంటూ వెళ్లిన స్వరకర్త

బేలా బార్టోక్ 1881 మార్చి 25న అప్పటి హంగేరీలోని నాజ్‌సెంట్‌మిక్లోష్ అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు రుమేనియాలో ఉంది. బుడాపెస్ట్ సంగీత అకాడమీలో చదివి పియానో వాద్యకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. 1904లో ఒక పల్లెలో బస చేసినప్పుడు, ట్రాన్సిల్వేనియా నుంచి పనికి వచ్చిన ఒక యువతి పిల్లల దగ్గర పాడుకుంటున్న పాట అతని చెవిన పడింది. నగరంలో హంగేరీ సంగీతమని చలామణి అవుతున్నదానికీ ఆ పాటకూ పోలికే లేదు. అక్కడి నుంచి అతని దారి మారింది.

1905లో జొల్తాన్ కొదాయ్ పరిచయమయ్యాడు. ఇద్దరూ ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మోసుకుని హంగేరీ, స్లొవాక్, రుమేనియా పల్లెల వెంట తిరిగారు. ఆ యంత్రంలో మైనపు గొట్టం మీద ధ్వని గీతలుగా పడుతుంది. ఒక్కో గొట్టం మీద కొద్ది నిమిషాల పాట మాత్రమే పడుతుంది. తిప్పి విన్న ప్రతిసారీ సూది ఆ మైనాన్ని కాస్త అరగదీస్తుంది. అందుకే బార్టోక్ ఇంటికి తెచ్చిన గొట్టాలను వేగం తగ్గించి, శ్రద్ధగా విని, గమకంతో సహా ప్రతి వంపునూ కాగితం మీద రాసుకున్నాడు. పాడినవారు ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అన్న వివరాలు పక్కనే నమోదు చేశాడు. 1913లో అల్జీరియాలోని బిస్క్రా ప్రాంతానికీ, 1936లో టర్కీకీ ఇదే పని మీద వెళ్లాడు. ఈ కృషిలో వేలకొద్దీ పాటలు పోగయ్యాయి.

ఇలా పోగుచేసిన పల్లెపాటను తెచ్చి అతను తన రచనల్లో అతికించలేదు. దాని నడకను, స్వరాల మధ్య దూరాలను, లయ విరుపులను ఒంటబట్టించుకుని తన భాష తయారుచేసుకున్నాడు. ఆ భాష చిక్కగా కనిపించేది ఆరు స్ట్రింగ్ క్వార్టెట్లలో.

ఆరు క్వార్టెట్లు

మొదటి క్వార్టెట్ 1908–09లో, రెండోది 1915–17లో, మూడోది 1927లో, నాలుగోది 1928లో, ఐదోది 1934లో, ఆరోది 1939లో వచ్చాయి. ముప్ఫై ఏళ్లలో ఒక మనిషి మనసు ఎలా ఎదిగిందో ఈ ఆరూ వరసగా వింటే తెలుస్తుంది. అన్నీ కలిపి రెండున్నర గంటలకు అటూ ఇటూగా సాగుతాయి.

మూడోది అన్నిటికన్నా చిన్నది. పావుగంటకు కాస్త అటూ ఇటూగా, ఆగకుండా నడుస్తుంది. నాలుగోదానిలో ఐదు భాగాలుంటాయి. మొదటిదానికి ఐదోది, రెండోదానికి నాలుగోది జోడీ. నడుమ ఉన్న మూడో భాగం గోపురానికి కలశంలా నిలుస్తుంది. రెండో భాగమంతా వాద్యాలకు మ్యూట్ (ధ్వనిని అణిచే బిళ్ల) తగిలించి గుసగుసగా వాయిస్తారు. నాలుగో భాగంలో కమాను ముట్టుకోరు, నలుగురూ వేళ్లతో మీటుతూనే ఉంటారు. ఆ మీటడంలో బార్టోక్ ఒక ప్రత్యేక పద్ధతిని వాడాడు. తీగను పైకి లాగి వదిలితే అది వెనక్కి వచ్చి కింది పలకకు టక్కున తగులుతుంది. స్వరమూ దెబ్బా ఒకేసారి వినిపిస్తాయి. ఈ పద్ధతిని ఇప్పటికీ లోకమంతా బార్టోక్ పేరుతోనే పిలుస్తుంది. నడిమి భాగంలో మిగతా ముగ్గురూ కదలని స్వరాలు పట్టుకుని కూర్చుంటే, చెల్లో ఒంటరిగా మాట్లాడుతున్నట్టు పాడుతుంది. తంబురా శ్రుతి మీద ఆలాపన విని పెరిగిన తెలుగు చెవికి ఈ చోటు ఇట్టే దగ్గరవుతుంది.

ఐదో క్వార్టెట్‌లో మూడో భాగం బల్గేరియా పల్లె నాట్యాల లయలో ఉంటుంది. ఒక ఆవృత్తానికి తొమ్మిది అక్షరాలు. వాటిని మూడు మూళ్లుగా కాకుండా నాలుగు, రెండు, మూడుగా విడదీశాడు. మన జతుల్లో చెప్పాలంటే తకధిమి, తక, తకిట. చేత్తో తాళం వేస్తూ ఈ జతులు వేగంగా చెప్పుకుంటూ వింటే, పాశ్చాత్య శ్రోతలు కష్టమనుకునే ఈ భాగం మనకు నిమిషంలో పట్టుబడుతుంది. తొమ్మిదక్షరాల సంకీర్ణ జాతిని తెలిసిన సంప్రదాయం మనది. ఈ రచనను అర్థం చేసుకోవడానికి మన దగ్గర ఉన్న తాళంచెవి అది.

ఆరోదానిలో ప్రతి భాగమూ ఒకే విషాద స్వరపంక్తితో మొదలవుతుంది. చివరి భాగానికి వచ్చేసరికి ఆ విషాదమే మొత్తం ఆక్రమిస్తుంది. ఐరోపాలో యుద్ధం మొదలైన రోజుల్లో రాసిన రచన ఇది. అదే ఏడాది డిసెంబరులో తల్లి చనిపోయింది. 1940లో బార్టోక్ అమెరికా వెళ్లిపోయాడు. 1945 సెప్టెంబరు 26న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆరు క్వార్టెట్లూ ఒక సంపుటిగా రావడం అతను చూడలేదు.

యంత్రం మారినకొద్దీ

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను పళ్లెం ఒక్కో వైపున నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. అరగంట క్వార్టెట్ వినాలంటే పళ్లేలు మారుస్తూ, తిప్పుతూ ఉండాలి. భాగం నడుమ ధ్వని తెగిపోయేది. 1948లో అమెరికా కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. ఛాంబర్ సంగీతానికి నిజమైన ఇల్లు దొరికింది అప్పుడే.

1946లో న్యూయార్క్‌లో ఏర్పడిన జూలియార్డ్ స్ట్రింగ్ క్వార్టెట్, రాబర్ట్ మాన్ మొదటి వయొలిన్‌గా, 1949లో బార్టోక్ ఆరు క్వార్టెట్లనూ కొలంబియాకు రికార్డు చేసింది. ఆ సంపుటి 1950లో విడుదలైంది. అంతకుముందు కచేరీల్లో ఒకటీ అరా మాత్రమే వినగలిగిన శ్రోతలకు మొత్తం ఆరూ ఒక్కచోట దొరికాయి. యువ స్వరకర్తలకు అదొక పాఠ్యగ్రంథమైంది. అదే బృందం 1963లో స్టీరియోలో, 1981లో డిజిటల్ పద్ధతిలో మళ్లీ మళ్లీ వాటిని రికార్డు చేసింది. 1982లో కాంపాక్ట్ డిస్క్ వచ్చాక ఆరూ రెండు డిస్కుల్లో ఇమిడాయి. ఎమర్సన్ స్ట్రింగ్ క్వార్టెట్ 1988లో చేసిన సంపుటికి 1990 గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ శాస్త్రీయ ఆల్బమ్ గౌరవం దక్కింది. ఛాంబర్ సంగీతానికి అలాంటి గౌరవం అరుదు.

ఒకే రచనను వేర్వేరు బృందాలు ఇన్నిసార్లు ఎందుకు రికార్డు చేస్తాయన్న ప్రశ్నకు జవాబు రచన కాగితం మీద ఉండటంలోనే ఉంది. కాగితం ఎంత వివరంగా రాసినా కమాను బరువు, స్వరం ఎత్తుకునే తెగువ, మౌనం నిడివి అందులో పట్టవు. ప్రతి రికార్డూ ఆ కాగితానికి ఒక వ్యాఖ్యానం. మూలం ఎక్కడికీ పోదు.

మరికొన్ని ముఖ్య రికార్డులు

ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ బందీగా ఉంటూ వయొలిన్, క్లారినెట్, చెల్లో, పియానోలకు రాసిన ఎనిమిది భాగాల క్వార్టెట్‌ను 1941 జనవరి 15న గోర్లిట్స్ బందీల శిబిరంలో తోటి బందీలతో కలిసి వాయించాడు. 1956లో ఆ రచనను స్వయంగా పియానో వాయిస్తూ రికార్డు చేశాడు. శిబిరంలో చెల్లో వాయించిన ఎతియెన్ పాస్కియే ఈ రికార్డులోనూ ఉన్నాడు. మెస్సియాన్ తన లయలకు శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరంలోని నూట ఇరవై దేశీ తాళాల పట్టికను ఆధారం చేసుకున్నాడు. ఆ సంగీత రత్నాకరానికి సంగీత సుధాకరం అనే వ్యాఖ్యను రాచకొండ సింగభూపాలుడిదిగా చెబుతారు. తెలుగు నేలపై వ్యాఖ్యానం పొందిన గ్రంథంలోని తాళాలు జర్మనీ చలిలో, బందీల వేళ్ల మీద పలికాయి.

రష్యా స్వరకర్త ద్మిత్రి షోస్టకోవిచ్ పదిహేను క్వార్టెట్లు రాశాడు. వాటిలో ఎనిమిదోది 1960 జులైలో మూడు రోజుల్లో పూర్తయింది. తన పేరులోని అక్షరాలను నాలుగు స్వరాలుగా మార్చి దాని నిండా అల్లాడు. అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ 1988లో రాసిన డిఫరెంట్ ట్రైన్స్‌లో రికార్డు చేసిన మనుషుల మాటల్లోని స్వరాలే క్వార్టెట్ వాయించే స్వరాలవుతాయి. క్రోనోస్ క్వార్టెట్ వాయించిన ఈ రికార్డు 1989లో వచ్చింది. ఇక్కడ రికార్డింగే రచనకు ముడిసరుకైంది.

తెలుగు నేల మీద

పాశ్చాత్యుల వయొలిన్ పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కర్ణాటక సంగీతంలోకి వచ్చి మనదైపోయింది. ఉత్తరాంధ్రలో దానికి పెద్దపీట వేసినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964). 1919లో విజయనగరంలో మొదలైన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అక్కడే వయొలిన్ ఆచార్యులుగా చేరిన నాయుడు 1936లో ఆ పీఠం అందుకున్నారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ఒంటరిగా కచేరీ నడిపే వాద్యంగా నిలబెట్టడం ఆయన చేసిన పెద్ద పని. 1952లో యెహూది మెనుహిన్ మద్రాసులో ఆయన వాద్యం విన్నారు. ఒకే వాద్యం రెండు ప్రపంచాల్లో ఎంత వేరుగా ఎదిగిందో ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్న రోజున తేటపడింది.

తెలుగువారిలో ఏకకర్త రికార్డుకు అచ్చమైన ఉదాహరణ బాలమురళీకృష్ణది. 1930 జులై 6న అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర విజయవాడలో సంగీతం నేర్చారు. ఇంకా నూనూగు మీసాల వయసులోనే 72 మేళకర్త రాగాలన్నిటిలో కృతులు రచించారు. అవి జనక రాగ కృతి మంజరిగా 1952లో వెలువడ్డాయి. తరువాత రాగాంగ రావళి పేరుతో తొమ్మిది సంపుటాలుగా రికార్డయ్యాయి. రచించినవారూ పాడినవారూ ఒక్కరే. నాలుగు స్వరాలతో మహతి, లవంగి వంటి రాగాలు కల్పించారు. వయోలా మీద కూడా కచేరీలు చేశారు. స్ట్రింగ్ క్వార్టెట్‌లో నడిమి గొంతుగా ఉండే ఆ వాద్యం మన గమకానికి ఎంత బాగా ఒదుగుతుందో ఆయన చేతిలో తెలిసింది.

వీణకు వస్తే, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి (1922–1987) ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి రచనలు చేశారు. 1952లో ఏర్పడిన ఆ బృందం మన వాద్యాలను కలిపి, ముందే రాసుకున్న సంగీతాన్ని వాయించే ప్రయోగం. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు (1936–1996) వీణ కోసమే సొంతంగా రచనలు చేశారు. కొమ్మ మీద కోయిల కూతను తీగ మీద పలికించిన ఆయన రచన తెలుగు ఇళ్లలో రేడియో ద్వారా పాతుకుపోయింది. సాహిత్యం అక్కరలేని, వాద్యం కోసమే పుట్టిన సంగీతాన్ని మామూలు శ్రోత ఇష్టపడతాడని ఆయన రికార్డులు రుజువు చేశాయి.

తెలుగు సినిమా శ్రోతకు సొంత మనిషైన ఇళయరాజా 1986లో హౌ టు నేమ్ ఇట్ అనే సంపుటిని వెలువరించారు. దాన్ని త్యాగరాజుకూ జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితం చేశారు. అందులో ప్రధాన వయొలిన్ వాయించిన వి.ఎస్. నరసింహన్ తరువాత మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్‌ను నడిపి, కర్ణాటక కృతులను రెండు వయొలిన్లు, వయోలా, చెల్లోలకు కూర్చారు. త్యాగరాజు తెలుగు కృతి క్వార్టెట్ గదిలోకి అడుగుపెట్టింది అలాగే.

బాలమురళి వంటివారి విషయంలో రికార్డు స్థానం బార్టోక్ విషయంలోకన్నా బరువైనది. స్వరలిపిలో కృతి అస్థిపంజరం మాత్రమే ఉంటుంది. రక్తమాంసాలు గొంతులో ఉంటాయి. కర్త స్వయంగా పాడిన రికార్డు ఉంటే తరువాతి తరానికి అదే ప్రమాణం.

ఉద్దానం తీరాన

శ్రీకాకుళం జిల్లా తూర్పు తీరంలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి, పనస తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందని వాడుక. పలాస–కాశీబుగ్గ జంట పట్టణం జీడిపప్పు పరిశ్రమకు పేరు. టెక్కలి గ్రానైటుకు, పక్కనే ఉన్న తేలినీలాపురం విదేశీ పక్షుల విడిదికి ప్రసిద్ధి. తెలుగు, ఒడియా, కొండల వైపు సవర భాష ఇక్కడ కలిసి వినిపిస్తాయి. ఈ సీమ పనసచెట్టుకు సంగీతంలో చోటుంది. పొరుగున బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది పనస దుంగతోనే. ఒకే దుంగ నుంచి మొత్తం వీణను తొలిచే పనితనానికి బొబ్బిలి వీణ భౌగోళిక గుర్తింపు కూడా పొందింది.

పల్లె వాద్యాల్లో ఈ తీరానికి ప్రత్యేకం జముకు. ఒక వైపు తెరిచి, రెండో వైపు చర్మంతో మూసిన గుండ్రని పాత్ర అది. చర్మం నడుమ నుంచి ఒక తీగ పాత్ర లోపలి గుండా తెరిచిన వైపు నుంచి బయటికి వస్తుంది. దాని చివర ఒక చిన్న కర్రముక్కకు కట్టి ఉంటుంది. వాద్యకారుడు పాత్రను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో కర్రముక్క పట్టి తీగను బిగిస్తాడు, రెండో చేత్తో మీటుతాడు. బిగిస్తే శ్రుతి పైకి లేస్తుంది, వదిలితే జారుతుంది. తీగ బిగింపు నాలుగు రెట్లు చేస్తే స్వరం ఒక స్థాయి పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. జముకు వాయించేవాడు ఆ లెక్క చూసుకోడు. అతని మణికట్టుకు అది తెలుసు. మీటినప్పుడు తీగ పలకడమూ, చర్మం అదరడమూ ఒకేసారి జరుగుతాయి. స్వరమూ దెబ్బా విడదీయలేనంతగా కలిసిపోతాయి. బార్టోక్ నాలుగో క్వార్టెట్‌లో తీగను లాగి పలకకు తగిలించి సాధించింది కూడా ఈ కలయికనే.

జముకుల కథ సాధారణంగా ముగ్గురితో నడుస్తుంది. కథ ఎత్తుకునేవాడు ఒకడు, వంత పాడేవారు ఇద్దరు. అమ్మవారి సంబరాల్లో గ్రామదేవతల కథలు, వీరుల కథలు, పేరంటాళ్ల కథలు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. కథకుడు మాట ఎక్కడ విరుస్తాడో అక్కడ జముకు అందుకుంటుంది. కథలో భయం వస్తే తీగ సన్నగా లేస్తుంది, శోకం వస్తే కిందికి జారుతుంది. నడిపే మనిషి లేడు, రాసిపెట్టిన కాగితం లేదు. ముగ్గురి చెవులూ ముగ్గురి మీదే ఉంటాయి. ఛాంబర్ సంగీతానికి పెద్దలు చెప్పే లక్షణాలన్నీ ఇక్కడ ఉన్నాయి. గది మాత్రం లేదు, దాని బదులు రచ్చబండ ఉంది.

ఈ రూపాన్ని ఆధునిక రచనకు వాడినవారు సుబ్బారావు పాణిగ్రాహి. పలాస మండలం బొడ్డపాడులో గుడి పూజారిగా ఉంటూ, ఊరి యువకులతో కళాబృందం కట్టి, రైతుల, గిరిజనుల బతుకు మీద పాటలూ జముకుల కథలూ రాసి ఉద్దానం పల్లెల్లో వినిపించారు. శ్రీకాకుళం రైతాంగ పోరాటంలో చేరి 1969 డిసెంబరు 22న చనిపోయారు. దేవతల కథకు పుట్టిన వరసలో సమకాలీన కథను నింపి, ఒకే రచయిత సృష్టిగా బృందం చేత పలికించడం ఆయన ప్రత్యేకత. ఉద్దానంలో ఏకకర్త చిన్న బృంద సంగీతానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

బార్టోక్ మైనపు గొట్టాలతో తిరిగిన కాలంలోనే ఇదే సీమలో ఒక పండితుడు కొండల మీద చెవిపెట్టి తిరిగారు. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవరల పాటలూ కథలూ సేకరించారు, వారి పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పే ప్రయత్నం చేశారు. 1931లో సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం వెలువడింది. పల్లె నోట ఉన్నదే అసలు భాష అని నమ్మి వ్యావహారికం కోసం పోరాడిన ఆ మనసూ, పల్లె గొంతులో ఉన్నదే అసలు సంగీతమని నమ్మిన బార్టోక్ మనసూ ఒకే తీరుకు చెందినవి.

మూడు స్థితులు

ఈ మూడు ఉదాహరణలనూ పక్కపక్కన పెడితే రికార్డు విలువ మూడు మెట్లుగా కనిపిస్తుంది. బార్టోక్ క్వార్టెట్‌కు కాగితమే మూలం. రికార్డులన్నీ పోయినా రేపు నలుగురు కూర్చుని మళ్లీ వాయించగలరు. బాలమురళి కృతికి కాగితం సగం మూలం, గొంతు సగం. రికార్డు పోతే సగం పోతుంది. జముకుల కథకు మాట అచ్చులో మిగలవచ్చు. వరస, విరుపు, జముకు జారుడు ఏ పుస్తకంలోనూ పట్టవు. అక్కడ రికార్డు చేసిన ధ్వనే రచన. అది లేకపోతే వాయించినవాడి వెంటే సంగీతమూ వెళ్లిపోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు తరాలుగా పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. మళ్లీ మొక్కలు నాటారు, చెట్లు లేస్తున్నాయి. మౌఖిక సంగీతానికి అలాంటి రెండో అవకాశం ఉండదు. విత్తనం గొంతులోనే ఉంటుంది కాబట్టి గొంతు ఆగితే విత్తనం దొరకదు. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధితోనూ బతుకుతెరువు వలసలతోనూ ఏళ్లుగా సతమతమవుతున్న ఈ ప్రాంతంలో ఆ మాటకు బరువు ఇంకా ఎక్కువ.

రికార్డు చేసే పద్ధతి

చిన్న బృందాన్ని రికార్డు చేయడానికి పెద్ద స్టూడియో అక్కరలేదు. క్వార్టెట్‌కైనా జముకుల కథకైనా సూత్రం ఒకటే. వాయించేవారు ఎప్పుడూ కూర్చునే తీరులోనే, ఒకరికొకరు కనిపించేలా కూర్చోవాలి. ఒక్కొక్కరినీ విడివిడిగా గదుల్లో పెట్టి తరువాత అతికిస్తే వినికిడి సంబంధం తెగిపోతుంది. ఎదురుగా, శ్రోత కూర్చునే దూరంలో జంట మైకులు పెడితే బృందం మొత్తం సహజంగా పడుతుంది. జముకు అడుగు స్థాయి అదురు గోడలున్న ఇరుకు గదిలో గుంయ్‌మంటుంది, కాబట్టి కప్పు ఎత్తుగా ఉన్న చావడి గానీ గాలి లేని ఆరుబయట గానీ మేలు. సముద్రపు గాలి మైకు మీద కొట్టకుండా తొడుగు వేయాలి.

భద్రపరిచే రికార్డుకు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ప్రమాణంలో, కుదించని ఫైలుగా దాచాలన్నది ధ్వని భాండాగారాలు పాటించే నియమం. ఫోన్లలో పంపుకునే కుదించిన ఫైలు వినడానికి పనికొస్తుంది, దాచడానికి పనికిరాదు. ఒకే ప్రతి ఉంచకుండా వేర్వేరు చోట్ల దాచాలి. అన్నిటికన్నా ముఖ్యం, బార్టోక్ చేసినట్టు పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ గురువు దగ్గర నేర్చారు, ఏ సందర్భంలో పాడతారు అన్నవి అదే రోజు రాసిపెట్టాలి. పాడినవారి అనుమతి తీసుకోవాలి, ఒక ప్రతి వారి చేతికివ్వాలి, దానిమీద రాబడి వస్తే వారికి చెందాలి.

విజయనగరం సంగీత కళాశాల, శ్రీకాకుళంలోని విశ్వవిద్యాలయం, ఉద్దానం పల్లెల్లోని యువజన సంఘాలు కలిస్తే ఈ పని ఒకటి రెండు వేసవి సెలవుల్లో మొదలై సాగగలదు. బార్టోక్ చేతిలో కొద్ది నిమిషాలు పట్టే మైనపు గొట్టం ఉంది. మన చేతిలో గంటలకొద్దీ పట్టే యంత్రం ఉంది. జముకు పట్టిన పెద్దమనిషి మీ ఊళ్లో ఇంకా ఉంటే ఈసారి సంబరాలకే వెళ్లి ఎదురుగా కూర్చోండి. మైకు పెట్టి, కథ మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా రికార్డు చేయండి, కింద ఆయన పేరు రాయండి.